పరిమితకాల శక్తి: నంద్యాల–ఆళ్ళగడ్డ బండలాగుడు బరి నుంచి విద్యుత్ కారు ‘బూస్ట్’ వరకు

ఉపోద్ఘాతం

విలాసవంతమైన విద్యుత్ కార్ల చరిత్రను రాసేవారు సాధారణంగా బ్యాటరీ సామర్థ్యాన్నీ, ఒక్క చార్జింగుతో నడిచే దూరాన్నీ ప్రమాణాలుగా తీసుకుంటారు. ‘బూస్ట్’ అనే సదుపాయం, అంటే కొద్ది సెకన్లపాటు మాత్రమే మోటార్లకు మామూలు పరిమితిని మించిన విద్యుత్తును అందించే ఏర్పాటు, ఆ చరిత్రలో అమ్మకపు ఆకర్షణగానే మిగిలిపోతున్నది. నిజానికి శక్తిని ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి అనుమతితో ఖర్చు చేయాలన్న ప్రశ్న మోటారు వాహనం కన్నా పాతది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ముఖ్యంగా నంద్యాల, ఆళ్ళగడ్డ పరిసర గ్రామాల్లో, తిరునాళ్ళకూ పండుగలకూ జరిగే ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు ఆ ప్రశ్నకు కట్టుదిట్టమైన సమాధానం ఇచ్చాయి. ఆ సమాధానం పక్కన నిలిపి చూసినప్పుడు బూస్ట్ చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

బరిలో కొలత

పోటీ స్వరూపం సరళమైనది. గిత్తల వయస్సును పళ్ళను బట్టి నిర్ణయిస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన పెద్ద విభాగాలు. ఏ విభాగానికి తగిన బండ ఆ విభాగానికి ఉంటుంది. కాడి కట్టిన జత నిర్ణీత పొడవున్న బరిలో ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనుకకు బండను లాగుతుంది. కేటాయించిన నిమిషాలు ముగిసేసరికి లాగిన మొత్తం దూరాన్ని అడుగుల్లో, అవసరమైతే అంగుళాల్లో కొలిచి విజేతను నిర్ణయిస్తారు.

ఇక్కడ గమనించవలసినది కొలతలోని సూక్ష్మం. మొదటి పరుగు ఎంత వేగంగా సాగిందన్నదానికి బహుమతి లేదు. కదలని బండను కదిలించే తొలి క్షణంలోనూ, బరి కొసన మలుపు తిప్పేటప్పుడూ గిత్తల మీద పడే భారం అత్యధికం. తోలేవాడి అదిలింపు అంతా అక్కడికి దాచుకోవలసిందే. తొలి నిమిషాల్లోనే అదిలించి పరుగెత్తించినవాడు చివరి నిమిషాల్లో అడుగులు పోగొట్టుకుంటాడు. నెలల తరబడి ఉలవలు పెట్టి, సాధన చేయించి కూడబెట్టిన బలం ఒక మూలధనం. అదిలింపు కొత్త బలాన్ని సృష్టించదు, ఉన్నదాన్ని ముందుగా ఖర్చు పెడుతుంది, అంతే.

జేమ్స్ వాట్ నిర్వచించిన అశ్వశక్తి కూడా నిలకడకు కొలతే. నిమిషానికి 33,000 అడుగు–పౌండ్ల పని, అంటే సుమారు 746 వాట్లు. అయితే కొద్ది సెకన్లపాటు ఒక గుర్రం దాదాపు 15 అశ్వశక్తుల వరకు చూపగలదని 1993లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక లేఖ లెక్కగట్టింది. నిలకడ శక్తికీ క్షణిక శక్తికీ మధ్య ఉన్న ఈ ఎడమే బూస్ట్‌కు మూలం.

విద్యుత్ కారులో క్షణిక శక్తి

విద్యుత్ కారుకు వేగం కొత్తది కాదు. 1899 ఏప్రిల్ 29న కమీల్ జెనాట్జీ తన విద్యుత్ వాహనంలో గంటకు 105.88 కిలోమీటర్ల వేగాన్ని సాధించాడు. కానీ శక్తిని అంచెలుగా విభజించి, ఒక్కొక్క అంచెకు పేరు పెట్టి అమ్మడం ఇటీవలి పరిణామం. టెస్లా 2014 అక్టోబరులో ‘ఇన్సేన్’, 2015 జూలైలో ‘లూడిక్రస్’ అనే మోడ్లను ప్రకటించింది. రెండవదాని వెనుక ఉన్న మార్పు పరిశీలించదగినది. మోటారు మారలేదు, ఫ్యూజు మారింది. విద్యుత్ ప్రవాహాన్ని స్వయంగా గమనిస్తూ అవసరమైన క్షణంలో తెగిపోయే ఫ్యూజునూ, వేడికి తట్టుకునే ఇంకొనెల్ లోహపు కాంటాక్టరునూ అమర్చి, గరిష్ఠ ప్రవాహాన్ని 1,300 నుంచి 1,500 ఆంపియర్లకు పెంచారు. ప్రవాహం పెరిగిన కొద్దీ ఉష్ణం దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, ఈ పెంపుతో తీగల్లో, సెల్స్‌లో పుట్టే వేడి సుమారు మూడో వంతు అధికమవుతుంది. బూస్ట్‌ను సెకన్లలో కొలిచి ఇవ్వడానికి కారణం ఇదే.

2019లో వచ్చిన పోర్షె టైకాన్ టర్బో ఎస్ ఈ ఎడాన్ని దాచుకోలేదు. మామూలుగా 625, లాంచ్ కంట్రోల్ వేళ ఓవర్‌బూస్ట్‌తో 761 మెట్రిక్ అశ్వశక్తులు అని రెండు సంఖ్యలు ప్రకటించింది. 2021 జూలైలో భారతదేశానికి వచ్చిన ఆడి ఇ–ట్రాన్ 55 బూస్ట్‌లో 300 కిలోవాట్లు ఇస్తుంది, ఎనిమిది సెకన్లు మాత్రమే. తర్వాతి టైకాన్‌లో పది సెకన్ల ‘పుష్–టు–పాస్’ మీట చేరింది.

మోడ్ అన్నది బూస్ట్ కన్నా విస్తృతమైన ఏర్పాటు. పెడల్‌ను ఎంత నొక్కితే ఎంత శక్తి రావాలి, సస్పెన్షన్ ఎంత ఎత్తున నిలవాలి, శీతలీకరణ ఎంత ముందుగా మేల్కోవాలి అన్న నిర్ణయాల మూట అది. పొదుపు మోడ్‌లో ఏసీ కూడా తగ్గుతుంది. తోలేవాడి చేతిలో ఉండిన విచక్షణలో కొంత భాగం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు సంక్రమించింది. అయితే కార్ల ప్రకటనల్లో కొలత మాత్రం బరికి పూర్తిగా విరుద్ధం. అక్కడ సున్నా నుంచి వంద కిలోమీటర్లకు ఎన్ని సెకన్లు అన్నదే లెక్క. ఆ తర్వాత మిగిలినదేమిటో ఎవరూ అడగరు.

హుస్సేన్ సాగర్ తీరాన

బరి న్యాయం విద్యుత్ కారుకు తిరిగి వర్తించిన సందర్భం తెలుగు నేలమీదే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి మార్గంలో ఫార్ములా ఇ పోటీ జరిగింది. ఆ రోజుల్లోనే మహీంద్రా సంస్థకు చెందిన పినిన్‌ఫరీనా బత్తిస్తా నగరంలో దర్శనమిచ్చింది. 1,900 అశ్వశక్తుల ఆ కారుకు ప్రశాంతతను సూచించే ‘కాల్మా’ మొదలుకొని ఉగ్రతను సూచించే ‘ఫురియోసా’ దాకా ఇటాలియన్ పేర్లతో ఐదు మోడ్లున్నాయి.

పోటీ కార్ల తీరు వేరు. ఆ ఏడాది వాటికి పోటీవేళ పరిమితి 300 కిలోవాట్లు. ‘అటాక్ మోడ్’లో 350. అది కూడా మొత్తం నాలుగు నిమిషాలు, రెండు విడతలుగా. పైగా దాన్ని పొందాలంటే అనువైన దారి వదిలి, గుర్తించిన వంపు మీదుగా వెళ్ళి, కొంత సమయం ముందుగానే నష్టపోవాలి. మోయగల విద్యుత్తు అందరికీ ఒకటే కనుక వాడిన బూస్ట్ చివరి ల్యాపుల లెక్కలో తేలుతుంది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండవవాడైన నిక్ కాసిడీతో తేడా అర సెకను కూడా లేదు. మూడవ స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడినందుకు 17 సెకన్ల శిక్ష పడింది. ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. గీత ఎవరు ముందు దాటారన్నదే కాక ఎంత శక్తితో దాటారన్నదీ ఫలితాన్ని నిర్ణయించింది. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండవ పోటీ, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తర్వాత, రద్దయింది.

అనుమతి ఎవరిది?

బండలాగుడులో అదిలింపుకు హద్దు ఉంది. పశువు తరఫున మాట్లాడిన చట్టం ఉంది. బరువు లాగే పశువులకు సంబంధించిన 1965 నాటి కేంద్ర నియమాలు మేకు దిగవేసిన ములుగర్రను నిషేధించాయి. హైదరాబాదులో ఆ పాత్ర పోటీ నిర్వాహకులది. ఇంట్లోని కారు విషయంలో ఆ అధికారం తయారీదారుకు చేరింది. 2022 నవంబరులో మెర్సిడెస్ సంస్థ అమెరికాలో కొన్ని విద్యుత్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్ల చందాతో అదనపు త్వరణాన్ని ప్రకటించింది. దానికోసం కొత్త మోటారు బిగించనవసరం లేదు. కొన్నవాడి గరాజులోనే, అతను డబ్బు చెల్లించి తెచ్చుకున్న యంత్రంలోనే ఉన్న బలానికి మళ్ళీ అద్దె. దీన్ని సేవ అనడం కన్నా, కొన్న గిత్తకు ముకుతాడు అమ్మినవాడి చేతిలోనే ఉండిపోవడం అనడం సమంజసం.

ఈ ఏర్పాటు నంద్యాల–ఆళ్ళగడ్డ మార్గానికి, అంటే 40వ జాతీయ రహదారికి వస్తే మరో చిక్కు ఎదురవుతుంది. ఇక్కడ వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. బ్యాటరీ వేడెక్కినప్పుడు దాన్ని కాపాడడానికి సాఫ్ట్‌వేర్ ముందుగా ఉపసంహరించుకునేది బూస్ట్‌నే. ఎండన పడిన గిత్తను తోలేవాడు నీడకు తోలినట్లే కారు కూడా చేస్తుంది. అయితే ఆ మధ్యాహ్నాల చందా తగ్గుతుందా అన్నది ఒప్పంద పత్రం తేల్చవలసిన విషయం.