గాలి పడవలో చిల్లు వెతికే పని

క్రీ.పూ. 9వ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండవ అషుర్‌నసిర్‌పాల్ నిమ్రూద్‌లో చెక్కించిన శిల్పాల్లో సైనికులు గాలి ఊదిన మేకతోళ్లను పట్టుకుని నది దాటుతుంటారు. తోలు మూతి ఇంకా నోట్లోనే ఉంటుంది. ఈదుతూనే ఊదుతున్నారన్నమాట. గాలి ఆగేది కాదు గనకనే ఆ అవస్థ అనుకోవచ్చు.

టైగ్రిస్ మీద నడిచిన కెలెక్ తెప్పలు కాస్త ముందుచూపుతో కట్టినవి. 1847లో పురావస్తు శాస్త్రవేత్త లేయర్డ్ నిమ్రూద్ నుంచి రెక్కల ఎద్దు, రెక్కల సింహం రాతి విగ్రహాలను బస్రాకు పంపింది వీటి మీదే. ఒక్కో తెప్ప కింద సుమారు 600 తోళ్లు. వాటి మూతులు పైకి ఉండేలా కట్టేవారు. ఏది మెత్తబడితే దాన్ని విప్పి మళ్లీ ఊదేవారు. చిల్లు ఎక్కడుందో తెలియకపోయినా ప్రయాణం సాగేది.

1823లో మాకింటోష్ పేటెంటు పొందిన రబ్బరు గుడ్డతో పీటర్ హాల్కెట్ 1840ల్లో ఒక పడవ చేశాడు. ఒడ్డున అది భుజాన వేసుకునే అంగీ. గాలిని నాలుగు అరలుగా విడదీయడమే అందులో అసలు తెలివి. ఒక అర పోయినా పడవ తేలుతుంది, లీకు ఏ అరలో ఉందో కూడా వెంటనే తెలుస్తుంది. ఆర్కిటిక్‌లో అన్వేషకుడు జాన్ రే వాడింది ఈ పడవనే. 1930ల్లో ఫ్రాన్సులో జోడియాక్ సంస్థ తెచ్చిన ట్యూబు పడవలూ అరల పద్ధతినే పట్టుకున్నాయి. అటువంటి పడవ మీదే 1952లో అలాన్ బొంబార్ 65 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు.

పంక్చర్ షాపువాడు సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచినట్టు పడవను ముంచలేరు. అందుకని ట్యూబుల్లో గాలి గట్టిగా నింపి, సబ్బునీళ్లు పూసి, బుడగలు ఎక్కడ లేస్తాయో చూస్తారు. ముందు చూడాల్సింది వాల్వు. చాలాసార్లు దాని సీటులో ఇరుక్కున్న ఇసుకరేణువే దొంగ. తర్వాత అతుకులు, ఇంజను బిగించే వెనకబల్ల అంచులు. బుడగ లేచినచోట పెన్సిలుతో గుర్తు పెట్టి, కడిగి ఆరాకే అతుకు వేస్తారు.

రాత్రి చల్లదనానికి మెత్తబడిన పడవను చూసి మోసపోయేవారు ఎక్కువ. 30 డిగ్రీల నుంచి 20కి దిగితే, 0.25 బార్ చూపించే గేజి చిల్లేమీ లేకుండానే దాదాపు ఆరోవంతు పడిపోతుంది. తెల్లారి ఎండ తగిలాక మళ్లీ కొలిస్తేగాని నిజం తేలదు.

రెండు అరల మధ్య అడ్డుతెరలో పడిన చిల్లు సబ్బునీళ్లకు దొరకదు. ఒక అర మాత్రమే నింపి వదిలేస్తారు. పక్క అర దానంతటదే ఉబ్బితే లోపం లోపలే ఉంది. బయటినుంచి దాన్ని అతికించడం కష్టం.