ఫైర్ ఓపల్ కొంటున్నారా.. మంటకు దూరంగా ఉంచండి

జనగామ: నిప్పుకణికలా మెరిసే ఫైర్ ఓపల్ రాయికి నిప్పే ప్రధాన శత్రువు. ఈ సంగతి తెలియకపోతే కొన్నవారితో పాటు పొదిగినవారూ నష్టపోవలసి వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో శుక్రగ్రహం పేరిట ఓపల్ ధరించేవారున్నారు. రాయి పట్టణంలో కొని, ఉంగరం మాత్రం ఊరి అవుసులాయన వద్ద చేయించుకోవడం సాధారణం. మాణిక్యం, గోమేదికం పొదిగిన అలవాటుతోనే ఓపల్‌ను పట్టుకుంటే రాయి నెర్రెలు బారుతుంది. అప్పుడు మొదటి నింద పడేది పనివాడి మీదనే. రెడీమేడ్ నగల దుకాణాలు పెరిగి చేతిపని తగ్గిన ఈ రోజుల్లో ఒక్క రాయి పగిలినా ఆయన కొన్ని రోజుల కూలి పోయినట్లే.

రాయిలోనే నీరు

ఓపల్ అంటే సిలికాలో నీరు కలిసి గట్టిపడిన పదార్థం. నగలకు వాడే రాళ్లలో సాధారణంగా 3 నుంచి 10 శాతం వరకు నీరుంటుంది. వేడి తగిలి ఆ నీరు ఆవిరైతే, ఎండిన చెరువు అడుగు విచ్చుకున్నట్లు రాయిలో సన్నని పగుళ్లు వస్తాయి. ఉన్నట్టుండి వేడి నుంచి చలికి మారినా ఇదే ప్రమాదం. మే నెలలో మన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉంగరం తీసి నిలిపి ఉంచిన కారులోనో, రేకుల ఇంటి కిటికీ మీదనో మరచిపోవడం ఈ రాయికి మంచిది కాదు.

గట్టిదనమూ తక్కువే. రత్నాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10, మాణిక్యం 9 కాగా ఓపల్ 5.5 నుంచి 6.5 మధ్య నిలుస్తుంది. దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టిదనం 7. అంటే ఉంగరం మీది దుమ్మును పొడిబట్టతో గట్టిగా రుద్దినా గీతలు పడతాయి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసేవారు, యంత్రాల వద్ద ఉండేవారు ఈ ఉంగరాన్ని ఇంటి వద్దనే ఉంచి వెళ్లడం మేలు. యంత్రాల దగ్గర ఏ ఉంగరమైనా వేలికే ప్రమాదమన్నది వేరే సంగతి.

గోమేదికం కాదు

నవరత్నాల జాబితాలో ఓపల్ లేదు. శుక్రునికి చెప్పిన రత్నం వజ్రం. అంత ఖరీదు పెట్టలేనివారికి జ్యోతిషులు ఓపల్‌ను సూచిస్తుంటారు. నమ్మకం ఎవరిదైనా, డబ్బు పెట్టేముందు రాయిని రాయిగానే పరీక్షించుకోవాలి.

పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉండి వెలుతురు లోపలికి పోయే ఓపల్‌నే ఫైర్ ఓపల్ అంటారు. పేరులోని నిప్పు ఈ రంగును బట్టి వచ్చిందే. ఇంద్రధనుస్సు రంగులు లోపల కదలాడటం కొన్నింటిలోనే కనిపిస్తుంది. అవి లేనంత మాత్రాన రాయి నకిలీ కాదు. మెక్సికోలోని కెరెటారో ప్రాంతం ఈ రాళ్లకు పేరుపొందింది. ఇథియోపియాలోని వెల్లో ప్రాంతంలో 2008లో ఓపల్ నిక్షేపాలు బయటపడిన తరువాత ఆ రాళ్లూ పెద్దఎత్తున మార్కెట్‌కు వచ్చాయి.

రంగులో గోమేదికం, కార్నీలియన్, గాజు కూడా దీనిని పోలి ఉంటాయి. తేడా బరువులో తెలుస్తుంది. ఓపల్ నీటికి రెట్టింపు సాంద్రత కలది, గోమేదికం సుమారు మూడున్నర రెట్లు. ఒకే బరువు తూగే రెండింటిలో ఓపలే పెద్దగా కనిపిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే గాజు అని అనుమానించాలి. ప్రయోగశాలలో తయారైన ఓపల్‌ను మాత్రం కంటితో పోల్చడం కష్టం. విలువైన రాయి అయితే గుర్తింపు పొందిన రత్న పరీక్షా కేంద్రం ధ్రువపత్రం అడగాలి. అగ్గిపుల్లతో కాల్చి చూడటం, తేజాబు చుక్క వేయడం వంటి పరీక్షలు అసలు రాయినే పాడుచేస్తాయి.

నీటి సీసాలో ఉంచి చూపే రాయిని వెంటనే కొనరాదు. తడిలో సన్నని పగుళ్లు కంటికి ఆనవు. బయటకు తీయించి, పూర్తిగా ఆరనిచ్చి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. కొన్ని రోజులు పొడిగా ఉంచి చూసి కొనగలిగితే ఇంకా మంచిది.

మన నేల ఎర్ర రాయి

రోజూ తొడిగే ఉంగరానికి ఎర్ర రాయే కావాలనుకుంటే గార్నెట్ దీనికంటే ఎంతో గట్టిది. అది మన పక్కనే దొరికిన రాయి. కొత్తగూడెం సమీపంలోని గరీబ్‌పేట గుట్ట గార్నెట్‌కు ప్రాచీన కాలం నుంచీ నెలవు. తొలి బైజాంటిన్ కాలపు చెక్కడపు గార్నెట్ ఒకటి ఈ గుట్టదేనని పరిశోధకులు 2018లో ప్రచురించారు. సముద్రాలు దాటి పోయిన ఆ రాయి పేరు సొంత జిల్లాల్లో అంతగా వినిపించదు.

అతుకు ముందు.. రాయి తరువాత

ఓపల్ పొదిగేటప్పుడు పాటించవలసిన తొలి నియమం ఇదే. కొలత సరిచేయడం, వెలిగారం పెట్టి అతకడం, తేజాబులో కడగడం, మెరుగు పెట్టడం అన్నీ ముగిసి, ఉంగరం పూర్తిగా చల్లారిన తరువాతనే రాయిని కూర్చోబెట్టాలి. లక్కతో బిగించే పద్ధతి పనికిరాదు. లక్కను కరిగించే వేడి రాయికీ తగులుతుంది.

చుట్టూ బంగారు అంచు లేపి రాయి మీదకు మెల్లగా ఒత్తే పొదుగు దీనికి తగినది. 22 క్యారెట్ల బంగారం మెత్తనిది కనుక అంచు సులువుగా ఒదుగుతుంది. కొక్కేలతో పట్టే పొదుగులో ఒత్తిడి ఒకేచోట పడి రాయి విరగవచ్చు. రాయి అంచు కాగితంలా పలుచగా ఉంటే పనివాడు మొదటనే వెనక్కి ఇవ్వడం మంచిది. ఉంగరం కంటే కమ్మలు, పతకాల్లో ఓపల్ ఎక్కువకాలం నిలుస్తుంది. వాటికి దెబ్బలు తక్కువ. తరువాత ఉంగరం వదులు చేయించాలన్నా, బిగింపించాలన్నా ముందు రాయి తీయించాలి.

పనికి ఇచ్చేటప్పుడు రాయి బరువు, అప్పటికే ఉన్న గీతలు, పగుళ్లు చీటీ మీద రాసుకుంటే ఇద్దరికీ రక్షణ. రాళ్ల బరువును చెప్పే క్యారెట్ (200 మిల్లీగ్రాములు) వేరు, బంగారం స్వచ్ఛతను చెప్పే క్యారెట్ వేరు. నగ మీది హాల్‌మార్క్ బంగారానికే హామీ, రాయికి కాదు. బిల్లులో బంగారం నికర బరువు, రాయి పేరు, బరువు విడిగా రాయించుకోవాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా, వినియోగదారుల కమిషన్‌లోనూ ముందుగా అడిగేది బిల్లే.

పసుపు అంటితే పోదు

ఇథియోపియా రాళ్లలో చాలా వాటికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. తడిస్తే రంగుల మెరుపు మాయమై, ఆరిన తరువాత తిరిగి వస్తుంది. నీటితోపాటు పసుపు, కొబ్బరినూనె, సబ్బు కూడా లోపలికి చేరితే రంగు మారిపోతుంది. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు, మహబూబాబాద్ వైపు మిరప కోతల సమయంలో ఉంగరం తీసి పెట్టడం తప్పనిసరి. కుంకుడు రసం, చింతపండు పులుసుతో నగలు తోమే అలవాటు ఓపల్ వద్ద మానుకోవాలి. దుకాణంలో ఆవిరితోనో, అల్ట్రాసోనిక్ యంత్రంలోనో శుభ్రం చేస్తామంటే వద్దనాలి. ఊది దుమ్ము పోగొట్టి, కొద్దిగా తడిపిన మెత్తని బట్టతో తుడిచి, వెంటనే ఆరబెడితే చాలు. బీరువాలో ఇతర నగలతో కలపకుండా విడిగా మెత్తని సంచిలో ఉంచాలి.

పగులు పైపైననే ఉంటే సానపట్టేవారు కొంత అరగదీసి రాయిని చిన్నదిగా మలచగలరు. అప్పుడు పాత పొదుగు సరిపోదు, కొత్త అంచు కట్టించుకోవలసిందే.