పలువరుస నుంచి క్లిప్పు దాకా: వంకర పళ్ళ సవరణ వైద్యం, దాని తెలుగు మాట, పంటి సంరక్షణ

వ్యాససంగ్రహం

వంకరగా, ఎత్తుగా పెరిగిన పళ్ళను తీగలతో వరుసకు తెచ్చే వైద్యాన్ని తెలుగువారు ‘క్లిప్పులు’ అనే ఒక్క మాటతో పిలుస్తున్నారు. ఈ మాట పరికరాన్ని చెబుతుంది. చికిత్సకు పట్టే కాలం, వేయించుకున్నవారు రోజూ చేయవలసిన పని అందులో ధ్వనించవు. పళ్ళను కదిలించే విద్య మనకు కొత్తది. పళ్ళను రోజూ కనిపెట్టుకొని ఉండే విద్య చాలా పాతది. ఈ రెండింటి చరిత్రను పక్కపక్కన ఉంచి, జమ్మికుంట ప్రాంతపు వాడుకను దృష్టిలో పెట్టుకొని, క్లిప్పుల కాలంలో పంటి సంరక్షణను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పలువరుస, కరాళం, పండ్లపుల్ల, క్లిప్పులు, పాచి, ఫ్లోరైడ్, రిటైనర్.

1. పండ్లు, పళ్ళు, పలువరుస

కరీంనగర్ జిల్లా జమ్మికుంట పరిసరాల్లో ‘పళ్ళు’ అనే రూపం పాఠ్యపుస్తకంలో, పత్రికలో కనిపిస్తుంది. ఇంట్లో వినిపించేది ‘పండ్లు’. కన్ను - కండ్లు, పన్ను - పండ్లు అనే పాత బహువచనరూపాలు ఇక్కడి నోట నిలిచాయి. కోస్తా వాడుకలో అవి కళ్ళు, పళ్ళుగా మారాయి. ఫలానికీ దంతానికీ బహువచనం ఒకటే అయినా ‘పండ్లు తోముకున్నవా?’ అని తల్లి అడిగితే ఈ ప్రాంతంలో ఏ పిల్లవాడికీ మామిడిపండు గుర్తుకు రాదు. తమిళంలో పల్, కన్నడంలో హల్లు, ఆదిలాబాదు కొండల్లో వినిపించే గోండి, కొలామీ భాషల్లో పల్. ద్రావిడభాషల ఉమ్మడి మాటల్లో ఇదొకటి.

మనకున్న మరో మంచి సమాసం ‘పలువరుస’. పంటి అందమంతా విడి పంటిలో కాక వరుసలో ఉందన్న భావన ఆ మాటలోనే ఉంది. కావ్యభాష ఈ భావనను స్త్రీకి పేరుగా మార్చింది. సుదతి అంటే మంచి పళ్ళు గలది. కుందరదన అంటే మొల్లమొగ్గల వంటి పళ్ళు గలది. రెండూ క్రమంగా స్త్రీకి సామాన్య పర్యాయాలయ్యాయి. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో, రాముడు పడి ఉండడం చూసి సీత దుఃఖిస్తూ తన సౌభాగ్యలక్షణాలను ఒక్కొక్కటిగా తలచుకుంటుంది. సందుల్లేని పళ్ళు వాటిలో ఒకటి. పురుషునికి పంటిని బట్టి ఏర్పడిన సామాన్య పర్యాయం తెలుగులో ఇంత వాడుకకు రాలేదు. ఇది అలంకారశాస్త్రానికి మాత్రమే చెందిన ముచ్చట కాదు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల పలువరుసను చూసే చూపు ఇక్కడి నుంచే వచ్చింది. పన్ను మీద పన్ను లేస్తే అదృష్టమని ఓదార్చే నోరే సంబంధం కుదిరేటప్పుడు ‘ఎత్తుపండ్లు’ అని వంక పెడుతుంది. తరగతిలో నవ్వు వచ్చినప్పుడు చున్నీ కొంగును నోటికి అడ్డుపెట్టుకొనే విద్యార్థినులను అధ్యాపకులందరూ చూసే ఉంటారు.

2. కరాళం

పళ్ళు వికృతంగా పెరగడాన్ని ఆయుర్వేదం రోగంగానే గుర్తించింది. దాని పేరు కరాళం. వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో దంతరోగాల మధ్య దీనిని పేర్కొన్నది. మాధవనిదానం దీని పుట్టుకను వివరిస్తూ, పళ్ళను ఆశ్రయించిన వాయువు మెల్లమెల్లగా వాటిని వికటంగా మారుస్తుందనీ, ఈ రోగం సాధ్యం కాదనీ తేల్చింది. ‘మెల్లమెల్లగా’ అన్నది గమనార్హం. పన్ను కాలక్రమంలో స్థానం మారుతుందన్న పరిశీలన అందులో ఉంది. అదే మెల్లదనంతో తిరిగి తీసుకురావచ్చునన్న ఆలోచన మాత్రం లేదు.

అదనంగా మొలిచిన పంటి విషయంలో సుశ్రుతుడు వెనుకాడలేదు. అధిదంతాన్ని పీకి, ఆ చోట అగ్నికర్మ చేయమన్నాడు. అంటే పీకడానికి విధి ఉంది, కదిలించడానికి లేదు. దీనిని ఆయుర్వేదపు లోపంగా చూపడం నాకు సమ్మతం కాదు. ప్రాచీన ప్రపంచంలో ఈ దిశగా నిలిచిన సూచనలు ఎక్కడైనా చాలా తక్కువ. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్, పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వస్తే పాతదాన్ని తీసివేసి, కొత్తదాన్ని రోజూ వేలితో దాని చోటికి నెట్టమన్నాడు. కొద్దిపాటి బలం, రోజూ, చాలా రోజులు - ఈనాటి తీగ చేసే పని సూత్రప్రాయంగా ఇదే.

3. వేలి స్థానంలో తీగ

1728లో పారిస్‌లో పియెర్ ఫొషార్ దంతవైద్యంపై ప్రకటించిన గ్రంథంలో గుర్రపునాడా ఆకారపు లోహపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. వంకర పళ్ళను దారంతో ఆ పట్టీకి కట్టి ముందుకు లాగేవారు. అయితే దీనిని ఒక శాస్త్రశాఖగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్. పై దవడ, కింది దవడల మొదటి పెద్ద దంతాలు ఒకదానిపై మరొకటి కూర్చునే తీరును బట్టి 1899లో ఆయన చేసిన వర్గీకరణను ఇప్పటికీ విద్యార్థులు చదువుతున్నారు. 1900లో సెయింట్ లూయిస్‌లో ప్రత్యేక పాఠశాల పెట్టాడు. 1928లో ఆయన వివరించిన ‘ఎడ్జ్‌వైజ్’ బ్రాకెట్టు నేటి క్లిప్పులకు పూర్వరూపం.

యాంగిల్ ఒక విషయంలో పట్టుదల మనిషి. ముప్పై రెండు పళ్ళూ ఉండవలసిందే, ఒక్కటీ పీకరాదు అన్నాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ మొదట గురువు చెప్పినట్టే చేశాడు. కొందరిలో ఫలితం నిలవకపోవడం చూసి, చోటు చాలనివారికి చిన్న దవడపళ్ళు నాలుగు తీసి మళ్ళీ చికిత్స చేశాడు. 1940ల నాటికి ఈ వాదం ముదిరింది. ‘మంచి పండ్లు పీకుతరట’ అని ఈనాడు మన ఇళ్ళల్లో వినిపించే భయం వెనుక ఇంత పాత చర్చ ఉన్నది. ఎవరికి తీయాలి, ఎవరికి అక్కరలేదు అన్నది దవడ కొలత, ఎక్స్‌రే చెప్పాలి. అది సిద్ధాంతంతో తేలే విషయం కాదు.

తరువాతి రెండు మలుపులు పదార్థశాస్త్రానివి. ఒకప్పుడు ప్రతి పంటికీ చుట్టూ లోహపు పట్టా తొడిగేవారు. పంటి పింగాణీ పొరను ఆమ్లంతో కొద్దిగా గరుకు చేస్తే జిగురు పట్టుకుంటుందని 1955లో బ్యునొకోర్ చూపడంతో, చిన్న బ్రాకెట్టును నేరుగా పంటికి అతికించే దారి తెరుచుకుంది. 1970ల్లో జార్జ్ ఆండ్రియాసన్ నికెల్ - టైటానియం తీగను ఈ వైద్యంలోకి తెచ్చాడు. వంచినా తన ఆకారానికి తిరిగి వచ్చే గుణం వల్ల అది తక్కువ బలాన్ని ఎక్కువ కాలం ఇవ్వగలదు.

మన దేశంలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడింది. పళ్ళ సవరణ నిపుణుల జాతీయ సంఘం 1965 నాటిది. అంటే తెలంగాణ పల్లెకు ఈ వైద్యం తెలిసి వచ్చింది మొన్నమొన్ననే.

4. ‘క్లిప్పు’ చెప్పని సంగతి

క్లిప్పు అనగానే జడకు పెట్టేది, ఆరేసిన బట్టకు పెట్టేది మనసుకు వస్తుంది. పెట్టినప్పుడు పట్టుకుంటుంది, తీస్తే వదిలేస్తుంది. పళ్ళ విషయంలో జరిగేది వేరు. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని తంతువుల పొర ఉంటుంది. తీగ నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వదిలిన వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెట్ కుక్కలపై చేసిన ప్రయోగాలతో 1904 - 05లో దీనిని సూక్ష్మదర్శినిలో చూపాడు. బలం ఎక్కువైతే పని త్వరగా కాకపోగా, అక్కడి కణజాలం దెబ్బతిని కదలిక ఆగిపోతుంది. అందుకే సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలకొకసారి తీగను సరిచూడవలసి ఉంటుంది. ‘పలువరుస వైద్యం’ అని పిలిస్తే ఈ నడక కొంతైనా ధ్వనిస్తుందని నా అభిప్రాయం. వాడుక ఒప్పుకుంటుందో లేదో వాడుకే చెప్పాలి.

జమ్మికుంట పత్తి మార్కెట్టుకు పేరుపడిన ఊరు. పత్తి ఏరే నెలల్లో పనులు మానుకొని పిల్లలను తీసుకొని కరీంనగర్‌కో హనుమకొండకో పోవడం కష్టమే. కాని మధ్యలో మానేసిన చికిత్స ఆగిన చోట నిలిచి ఉండదు. బ్రాకెట్టు ఊడినా, తీగ వంగినా, ఎవరూ చూడని పరికరం పళ్ళను అనుకోని దిక్కుకు నెట్టగలదు. ఆ సందుల్లో పాచి పేరుకుంటూనే ఉంటుంది.

5. పండ్లపుల్ల, బ్రష్షు, సకినం

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం దినచర్యను పళ్ళు తోముకోవడంతోనే మొదలుపెట్టింది. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు ఉండాలి. వంకర, కణుపులు ఉండరాదు. చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ శ్రేష్ఠమన్నది. ఈ నాలుగు చెట్లూ ఉత్తర తెలంగాణ నేలవే. చరకుడు రోజుకు రెండుసార్లు తోముకోమన్నాడు, నాలుక గీసుకోమన్నాడు. మన ఇళ్ళల్లో ఈ ఆచారం ఒక్కపూటకు కుదించుకుపోయింది. పుల్ల స్థానంలో బొగ్గు, ఉప్పు, పళ్ళపొడి, ఆ తరువాత పేస్టు వచ్చాయి. ఏ కంపెనీదైనా సరే దాన్ని ‘కోల్గేటు’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

క్లిప్పులున్న నోటికి పండ్లపుల్ల పనికిరాదు. నమలడంలో పడే ఒత్తిడికి బ్రాకెట్లు ఊడతాయి, పీచు తీగల్లో చిక్కుకుంటుంది. బొగ్గుపొడి, ఉప్పురవ్వ పింగాణీ పొరను గీస్తాయి, సందుల్లో నిలుస్తాయి. వాడవలసింది మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. బ్రాకెట్టుకు పైన ఒకసారి, కింద ఒకసారి, చిగురు అంచున వాలుగా పెట్టి తోమాలి. తీగ కిందికి దూరే చిన్న సందు బ్రష్షు కూడా కావాలి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించడం, రాత్రి పడుకొనేముందు తప్పక తోమడం ముఖ్యం. పుల్ల పోయినా, ఒక్కొక్క పంటికీ తీరిక ఇచ్చే పాత ఓపిక మాత్రం ఇక్కడే అవసరమవుతుంది.

ఈ జాగ్రత్త తప్పితే జరిగే నష్టం పైకి వెంటనే కనిపించదు. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి; ఆ ఆమ్లం బ్రాకెట్టు చుట్టూ పింగాణీ పొరలోని ఖనిజాన్ని లాగేస్తుంది. కొన్ని వారాల్లోనే సున్నపు మచ్చలు మొదలుకాగలవు. క్లిప్పులు తీసిన రోజు పళ్ళు వరుసకు వచ్చి ఉంటాయి, ప్రతి పంటి మీదా తెల్లని చతురస్రం మిగిలి ఉంటుంది. రెండేళ్ళ ఖర్చు పెట్టిన తల్లిదండ్రులకు అది చిన్న బాధ కాదు.

తిండి సంగతీ అంతే. సంక్రాంతి సకినాలు, పల్లీపట్టి, నువ్వుల ముద్దలు, మక్కకంకి, చెరకు, మటన్ బొక్క కొరకడం - ఇవన్నీ బ్రాకెట్టును ఊడగొట్టేవే. జామకాయను చిన్న ముక్కలు చేసి దవడపళ్ళతో నమలవచ్చు. ఎండిన జొన్నరొట్టెను కూరలోనో మజ్జిగలోనో నానబెట్టుకోవచ్చు. పండుగపూట పిల్లను సకినాలకు దూరంగా కూర్చోబెట్టడం సులభం కాదని తెలిసే రాస్తున్నాను. తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు నొప్పి సహజం. కొన గుచ్చుకుంటే వైద్యులు ఇచ్చే మైనం అద్ది, వారికి చెప్పాలి. ఇంట్లో కత్తెరతో కత్తిరించరాదు.

తెలుగు నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరైడ్ రోగం వెలుగులోకి వచ్చింది. తరువాత నల్లగొండ పేరు దానితో ముడిపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిని శుద్ధిచేసే 1970ల నాటి పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే నిలిచింది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీటితో పెరిగినవారి పళ్ళపై గారమచ్చలు పడతాయి. ఆ పింగాణీ పొర ఆమ్లానికి సులభంగా గరుకెక్కదు, అందువల్ల జిగురు సరిగా పట్టదు. చిన్నప్పుడు తాగినది ఏ ఊరి నీరో వైద్యునికి చెప్పడం ఇందుకే మేలు. మితంగా పేస్టులో ఉన్న ఫ్లోరైడ్ మాత్రం పంటికి రక్షణే.

6. పాలపండ్లు, రిటైనర్

ఊడిన పాలపన్నును ఇంటికప్పు మీదికి విసిరే ఆచారం మనది. ‘ఎట్లాగూ ఊడేవే కదా’ అని పుచ్చిన పాలపండ్లను వదిలేయడమూ మనదే. పాలపండ్లు ఇరవై, శాశ్వతదంతాలకు చోటు కాపాడేవి అవే. ముందే పోతే పక్కపళ్ళు ఒరిగి చోటు ఆక్రమిస్తాయి. ఆరేళ్ళ వయసులో వెనుక ఏ పన్నూ ఊడకుండానే వచ్చే పెద్ద దవడపన్ను శాశ్వతమైనదని చాలామంది పెద్దలకు తెలియదు. దాన్నీ పాలపన్ను అనుకొని పుచ్చనిస్తారు. యాంగిల్ వర్గీకరణ అంతా నిలబడ్డది ఆ పంటి మీదే. వేలు చప్పరించే అలవాటు, నోటితో ఊపిరి పీల్చడం కనిపిస్తే ఏడేళ్ళ వయసులో ఒకసారి చూపించుకోవడం మంచిది. అప్పుడే క్లిప్పులు వేస్తారని కాదు.

క్లిప్పులు తీసిన తరువాత కదిలిన పళ్ళ చుట్టూ తంతువులు, ఎముక కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు పళ్ళు పాత చోటికి జరగడానికి చూస్తూనే ఉంటాయి. అందుకే రిటైనర్. మొదట వైద్యులు చెప్పినన్ని గంటలు, తరువాత రాత్రిపూట, అలా ఏళ్ళ తరబడి పెట్టుకోవలసి రావచ్చు. దాన్ని వేడినీళ్ళతో కడిగితే వంకరపోతుంది. చల్లని నీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడిగి డబ్బాలో పెట్టుకోవాలి. కాగితంలో చుట్టి భోజనపు పళ్ళెం పక్కన పెట్టినది, ఎంగిలాకుతో పాటు బయటికి పోవడమే ఎక్కువ.