వాగుగట్టు నెక్కు బలము: టూ స్ట్రోకు ఇంజను చరిత్ర

భద్రాచలమునుండి గోదావరి వెంట ఎగువకు దుమ్ముగూడెము, చర్ల వైపునకుగాని, తూర్పున చింతూరు వైపునకుగాని పోయి, తారురోడ్డు విడిచి అడవిదారి పట్టినవారికి ఒక సంగతి అనుభవములోనిదే. అచ్చట మోటారు సైకిలును గూర్చి అడుగవలసిన ప్రశ్న అది గంట కెంతదూరము పోవును అనునది కాదు. వెనుక నొక మనిషిని, ఒక బియ్యపు మూటను పెట్టుకొని, వాగులోని ఇసుకను దాటి, ఎదుటి గట్టును ఆగకుండ ఎక్కునా అనునదియే ప్రశ్న.

ఇంజను మెల్లగ తిరుగుచున్నప్పుడు చూపు ఈ బలమును మెకానిక్కులు పికప్పు అందురు. మనము లాగుడు అందుము. చిన్న టూ స్ట్రోకు ఇంజనుకు ఈ లాగుడు పుట్టుకతో వచ్చినది కాదు. సుమారు ఎనుబది సంవత్సరముల పరిశ్రమచే వచ్చినది. ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ఈ విషయము నాకేల పట్టినదో ముందుగ చెప్పవలెను. నాకొక చిన్న టూ స్ట్రోకు బండి యుండెడిది. పందెపు బండ్లకు పెట్టు సైలెన్సరు వంటిది తగిలించినచో బలము హెచ్చునని ఒకరు చెప్పగా విని, అట్లే చేయించితిని. తారురోడ్డుమీద బండి బాణమువలె పోయెను. ఆ వానకాలమున జ్వరముతో నున్న బంధు వొకరిని వెనుక కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి బయలుదేరితిని. వాగుగట్టు సగ మెక్కునప్పటికి ఇంజను ఉక్కిరిబిక్కిరియయ్యెను. ఆక్సిలరేటరు త్రిప్పినకొలది మొరాయించెను. తుదకు రోగియే దిగి నాతోపాటు బండిని నెట్టవలసివచ్చెను. నేను కొన్నది బలమే. కాని అది నాకు పనికివచ్చుచోట లేదు. అట్లేల జరిగెనో తెలిసికొనగోరి ఈ చరిత్రను వెదకితిని.

ఫోర్ స్ట్రోకు ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగినగాని ఒకమారు మంట పుట్టదు. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకును పుట్టును. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను ఇంజనీరు 1891 ప్రాంతమున, పిస్టను క్రిందనున్న క్రాంకు పెట్టెనే పంపుగ వాడి, ఇంధనము కలిసిన గాలిని సిలిండరులోనికి నెట్టు ఉపాయమును కల్పించెను. 1892లో ఆయనవద్ద పనిచేయుచున్న ఫ్రెడరిక్ కాక్ దానిని సవరించి, కవాటములతో పనిలేకుండ పిస్టనే ద్వారములను తెరచి మూయునట్లు చేసెను. ఇంజనులో ముఖ్యముగ కదలునవి ఇక మూడే: పిస్టను, కనెక్టింగు రాడ్డు, క్రాంకు. ఇంత సులభమైన యంత్రము పేదవాని బండికి తగినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సులభతలోనే లోపమును ఉన్నది. క్రొత్తగాలి లోనికి వచ్చునప్పుడు పొగ పోవు ద్వారము తెరచియే యుండును. ఇంజను మెల్లగ తిరిగినచో ఆ క్రొత్తగాలిలో కొంత కాలకుండగనే బయటికి జారిపోవును. మరికొంత వచ్చిన దారినే కార్బురేటరులోనికి వెనుకకు తన్నును. ద్వారముల కొలతలు మారవు. కావున అవి ఏదో ఒక వేగమునకే చక్కగ సరిపడును. వేగమునకు సరిపుచ్చినచో మెల్లనిచోట నష్టము. మెల్లనిచోట సరిపుచ్చినచో వేగమునకు నష్టము. టూ స్ట్రోకు చరిత్ర యంతయు ఈ తగవే.

మొదటి మేలు జర్మనీలో జరిగెను. అడాల్ఫ్ ష్నూర్లె అను ఇంజనీరు 1920 దశకమున, క్రొత్తగాలి పొగద్వారము వైపునకు పోక, ఎదుటిగోడకు తగిలి పైకి చుట్టి తిరిగివచ్చునట్లు ద్వారముల నమర్చెను. డి.కె.డబ్ల్యు. కంపెనీ ఆ పద్ధతిని స్వీకరించి 1939లో ఆర్.టి. 125 అను చిన్నబండిని వెలువరించెను. యుద్ధానంతరము ఇంగ్లండు, అమెరికా, జపాను దేశములవారు దానిని చూచి తమ బండ్లను చేసికొనిరి. యమహావారి మొదటి బండి, 1955 నాటి వై.ఏ. 1, ఆ సంతతిలోనిదే.

అటుపిమ్మట దారి రెండుగ చీలెను. మొదటిది వేగపు దారి. తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కంపెనీలో వాల్టర్ కాడెన్ అను నాయన, పొగగొట్టమును నడుమ ఉబ్బించి చివర సన్నగిలజేసి, అందులో పుట్టు ఒత్తిడి అల వెనుకకు తిరిగివచ్చి జారిపోవు క్రొత్తగాలిని మరల సిలిండరులోనికి నెట్టునట్లు చేసెను. 1961 నాటికి ఆయన 125 సి.సి. ఇంజను 25 గుఱ్ఱపు శక్తి నిచ్చెను. ఆ యేటనే ఆయన పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశము విడిచి సుజుకీవారిని చేరగా, ఆ విద్య జపానునకు పోయెను. అయితే ఆ అల తగిన వేగమునందే తగిన వేళకు వచ్చును. ఇంజను మెల్లగ తిరుగునప్పుడు వేళతప్పి వచ్చి మేలుకు బదులు కీడు చేయును. నా బండిని వాగుగట్టున నిలిపినది అదియే.

రెండవది మెల్లని దారి. రాళ్లలోను, బురదలోను కాలు నేల మోపకుండ నడుపవలసిన ట్రయల్స్ అను పోటీలు కలవు. అందు పెద్ద ఫోర్ స్ట్రోకు బండ్లకే ఆధిపత్య ముండెడిది. 500 సి.సి. ఏరియల్ బండితో పేరుగాంచిన ఉత్తర ఐర్లండు వాడు శామీ మిల్లర్, స్పెయిను దేశపు బుల్టాకో కంపెనీతో చేరి, 244 సి.సి. టూ స్ట్రోకు బండిని తీర్చిదిద్ది, 1965లో స్కాటిష్ ఆరుదినముల పోటీని గెలిచెను. బరువైన ఫ్లైవీలు, మితమైన ద్వారములు, చిన్న కార్బురేటరు, తగ్గించిన గేర్లు—ఇవియే ఇట్టి బండ్ల రహస్యములు. 1972 నాటి బండ్లలో యమహావారు రీడ్ వాల్వును పెట్టిరి. ఇది పలుచని రేకుల తలుపు. గాలిని లోనికి పోనిచ్చును, వెనుకకు రానీయదు. కార్బురేటరులోనికి తన్ను దోషము దీనితో చాలవరకు తీరెను.

మన దేశమున ఈ రెండు దారులును కనబడినవి. 1962లో ఎస్కార్ట్స్ వారు పోలండు నమూనాపై చేసిన రాజదూత్ 173 సి.సి.ల బండి, దాని శక్తి ఏడున్నర గుఱ్ఱములు మాత్రమే. 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 బండి 98 సి.సి.లతోనే 11 గుఱ్ఱముల శక్తి చూపెను. అయినను ఆ పదకొండును దొరకునది నిమిషమునకు 7,500 చుట్లవద్ద. రాజదూత్ తనకున్న కొద్ది బలమును చాల తక్కువ చుట్లలోనే ఇచ్చెడిది. పాలబిందెలు మోయువారు దానిని ఏల విడువలేదో ఇందుచే తెలియును.

ఈ చరిత్రనుండి నేను నేర్చిన వైద్యక్రమ మిది. పొగద్వారమున, సైలెన్సరులో మసి పేరుకొన్నదేమో ముందు చూడవలెను. పిస్టను రింగులు అరిగినవేమో, రీడు రేకులు సరిగ మూసికొనుచున్నవో లేవో చూడవలెను. క్రాంకు ఆయిలు సీళ్లు కారుచున్నవేమో తప్పక చూడవలెను. ఏలయన, క్రాంకు పెట్టెయే పంపు కదా, పంపు కారినచో మెల్లనిచోట బలము నిలువదు. అన్నియు బాగుండియు లాగుడు చాలనిచో, ముందు స్ప్రాకెట్టున 14 పళ్లున్నచోట 13 పళ్లది వేయవలెను. లాగుడు నూటికి సుమారు 8 పాళ్లు హెచ్చును. వేగము 7 పాళ్లు తగ్గును. కంపెనీ సైలెన్సరును మాత్రము తీయరాదు. నా బండికి దానిని మరల బిగించి, ఒక పన్ను తగ్గించితిని. మరుసటి వానకాలమున ఆ గట్టునే బండి ఇద్దరితో ఎక్కెను.

ఆర్.ఎక్స్. 100 తయారీ 1996లో ఆగెను. కాలని పెట్రోలు జారిపోవు ఆ పాత లోపమే గాలిని చెరచుటచే, కాలుష్య నిబంధనలముందు టూ స్ట్రోకు నిలువలేకపోయెను. 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతములలో మోటారు సైకిలు అంబులెన్సులు వచ్చినవి. అయినను రోగులను డోలీలో మోసికొనివచ్చు వార్తలు మన అడవులనుండి నేటికిని వినవచ్చుచునే యున్నవి. ఈ దారులకు బండిని ఎన్నువారు, ఇంజను ఏ జాతిదైనను, గుఱ్ఱముల లెక్కతో తృప్తిపడక, ఆ బలము ఎన్ని చుట్లవద్ద దొరకునో కూడ అడుగవలెనని నా మనవి.