మిలాన్ వీధుల్లో ట్రామ్ వెంట ఓ సైకిల్

వెనిస్ చిత్రోత్సవం తొలిసారి మొదలైంది 1932 ఆగస్టు 6న. లీడో దీవిలో ఎక్సెల్సియర్ హోటల్ ఆరుబయట కుర్చీలు వేసి, తెర కట్టి సినిమాలు ఆడించారు. ఏటా ఆగస్టులో ఆ ఉత్సవం కబుర్లు పత్రికలకెక్కుతాయి. కానీ ఆ తొలి ఏడాది అక్కడ ఆడిన ఓ చిన్న హాస్యచిత్రాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. పేరు ‘లీ వోమినీ, కే మస్కల్జోనీ’. ఈ మగాళ్లున్నారే, ఎంత తుంటరులో అని అర్థం. దర్శకుడు మారియో కామెరీని. నిడివి గంట దాటి కొద్ది నిమిషాలే.

ఇటలీ మూకీలది పెద్ద వైభవం. 1914 నాటి ‘కబీరియా’లో హానిబల్ ఏనుగులున్నాయి, నిప్పులు కక్కే ఎట్నా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పరిశ్రమ కుప్పకూలింది. 1930 అక్టోబరులో జెన్నారో రిగెల్లి తీసిన ‘లా కన్జోనే దెల్లమోరే’తో మాటలొచ్చాయి. పరాయి భాషల మాటలు తెర మీద వినిపించకూడదని ముస్సోలినీ ప్రభుత్వం ఆంక్ష కూడా పెట్టింది. తమ భాషలో తమవాళ్లు మాట్లాడుకునే సినిమా కోసం జనం ఎదురుచూస్తున్నారు. అక్కడ కామెరీని చిత్రం విడుదలైన 1932లోనే ఇక్కడ మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది.

కథ చాలా చిన్నది. బ్రూనో కారు డ్రైవరు. మరియూచ్చా అత్తరు దుకాణంలో పనిచేసే అమ్మాయి, ట్యాక్సీ నడిపే ముసలాయన కూతురు. ఆమె ట్రామ్ ఎక్కితే ఇతను సైకిల్ మీద పక్కనే తొక్కుకుంటూ వెంటపడతాడు. సైకిలువాడిని ఆమె లెక్కచేయదు. దాంతో యజమాని కారు తీసుకుని, అది తనదేనన్నట్టు బిల్డప్ ఇచ్చి, ఆమెను సరస్సుల వైపు షికారుకు తీసుకెళ్తాడు. అక్కడి పూటకూళ్ల ఇంట్లో ఇద్దరూ నాట్యం చేస్తారు, అతను పాట పాడతాడు. చెజారె ఆంద్రేయా బిక్సియో కట్టిన ఆ ‘పార్లమి దమోరె మరియూ’ పాటను ఇటలీలో ఇప్పటికీ పాడుకుంటారు. ఇంతలో యజమాని భార్య కంటపడుతుంది. ఆమెను మిలాన్‌లో దింపక తప్పదు. పూటకూళ్ల ఇంట్లోనే ఆగిపోయిన మరియూచ్చా దగ్గర చిల్లిగవ్వ లేదు. త్వరగా తిరిగి రావాలన్న ఆత్రంలో అతను కారును ప్రమాదానికి గురిచేస్తాడు, ఉద్యోగం ఊడుతుంది. తనను వదిలేసి పోయాడనుకుంటుంది ఆమె.

ఇప్పుడు చూస్తుంటే పాత ప్రింటులో శబ్దం గరగరలాడుతుంది. కొన్ని హాస్య సన్నివేశాలు నెమ్మదిగా నడుస్తాయి. అయినా కళ్లు తిప్పుకోలేం. టాకీలు వచ్చిన కొత్తలో మైకు కోసం కెమెరాను స్టూడియో గదుల్లో బంధించారు. కామెరీని దాన్ని మిలాన్ వీధుల్లోకి తెచ్చాడు. నిజమైన ట్రామ్‌లు, పనికి పోయే జనం, నిజమైన వాణిజ్య ప్రదర్శన మైదానం తెర మీదికొచ్చాయి. ఫాసిస్టు పాలనకు పదేళ్లు నిండుతున్న ఏడాది అది. ఇక్కడ కవాతుల్లేవు, నాయకుడి భజన లేదు. జీతం రాళ్లు లెక్కపెట్టుకునే మనుషులున్నారు. అదే ఈ సినిమా గొప్ప అని నా నమ్మకం.

బ్రూనోగా నటించింది విత్తోరియో దె సికా. ఈ చిత్రమే ఆయన్ను తారను చేసింది. పదహారేళ్ల తర్వాత, 1948లో, ఆయనే ‘బైసికిల్ థీవ్స్’ తీశాడు. 1952 నాటి మన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దాన్ని చూపించారు. బొంబాయిలో మొదలైన ఆ ఉత్సవం మద్రాసుకూ వచ్చింది.

1932 తర్వాత ఇటలీ సినిమా దారి సాఫీగా లేదు. 1937లో చినెచిత్తా స్టూడియో వెలిసింది, కామెరీని హాస్యచిత్రాలు తీస్తూనే ఉన్నాడు. 1938లో జాతివివక్ష చట్టాలొచ్చాయి. ఈ సినిమా రచయితల్లో ఒకరైన ఆల్దో దె బెనెదెత్తి యూదుడు. ఆయన రాస్తూనే ఉన్నా తెర మీద పేరు వేయలేదు. యుద్ధానంతరం ‘బైసికిల్ థీవ్స్’ వంటి నియోరియలిస్టు సినిమాల వెలుగులో అంతకుముందటి నవ్వుల సినిమాలన్నీ పనికిమాలినవన్న ముద్ర పడిపోయింది. 1953లో ఈ కథనే మళ్లీ తీశారు. ఇప్పుడు గుర్తుండేది పాత సినిమానే.

‘బైసికిల్ థీవ్స్’ చూసినవాళ్లు దీన్ని కూడా వెతికి చూడండి. దె సికా సైకిల్ ఎక్కింది ఇక్కడే.