డ్రాప్ బాల్: చివర్నుంచి మొదలెట్టే చదువు

చెయ్యి కిందనుంచి బంతి వెయ్యడం అనగానే క్రికెట్ చూసే మనకి 1981లో ట్రెవర్ చాపెల్ దొర్లించిన బంతే గుర్తొస్తుంది. అందుకేనేమో సాఫ్ట్‌బాల్ అంటే అదేదో మెత్తటి ఆట అనుకుంటాం. మెత్తదనం పేరులోనే ఉందండీ, ఆటలో లేదు.

ముందు కాస్త చరిత్ర. 1887లో థాంక్స్‌గివింగ్ నాడు చికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్బులో కొందరు కుర్రాళ్ళు యేల్-హార్వర్డ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం కాచుక్కూచున్నారు. ఫలితం తెలిసిన హుషారులో ఒకడు బాక్సింగ్ గ్లవ్ విసిరితే ఇంకొకడు కర్రతో కొట్టాడు. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన ఆ గ్లవ్‌నే తాడుతో ఉండలా కట్టి ఆట మొదలెట్టించాడు. నాలుగ్గోడల మధ్య పుట్టిన ఆట కాబట్టి దూరాలు తక్కువ, విసురు కిందనుంచి. సాఫ్ట్‌బాల్ అన్న పేరు 1926లో గానీ రాలేదు.

ఆ ఇరుకే తర్వాత పిచర్‌కి ఆయుధమైంది. అమెరికా కాలేజీ అమ్మాయిల ఆటలో పిచింగ్ దూరం 43 అడుగులు, బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 60 మైళ్ళ బంతి అర సెకను లోపే వచ్చేస్తుంది. 1960లో రిటైరైన మహా బ్యాటర్ టెడ్ విలియమ్స్ కూడా ఆ తర్వాత కనెక్టికట్‌లో ఒక ప్రదర్శన ఆటలో జోన్ జాయిస్ అనే యువ పిచర్ ముందు తేలిపోయాడు.

ఇక డ్రాప్ బాల్. తిన్నగా వస్తున్నట్టే ఉండి, తీరా బ్యాటు తిప్పేసరికి కిందికి దిగిపోయే బంతి ఇది. తిరుగుతూ పోయే వస్తువుని గాలి పక్కకి నెడుతుందని 1852లో జర్మనీ శాస్త్రవేత్త మాగ్నస్ వివరించాడు. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరిగితే ఆ తోపు కిందికి ఉంటుంది. దానికి భూమ్యాకర్షణ తోడవుతుంది. మన లెగ్ స్పిన్నర్ల టాప్ స్పిన్నర్ అనుకున్నదానికన్నా ముందే పడేది కూడా ఇందుకే.

ఈ స్పిన్ తెప్పించడానికి రెండు పద్ధతులున్నాయి. తొడ పక్కన బంతి వదిలే క్షణంలో వెనకనుంచి వేళ్ళని పైకి లాగేది ఒకటి, దాన్ని పీల్ డ్రాప్ అంటారు. చేతిని బంతి మీదుగా బోర్లా తిప్పేది రెండోది, రోలోవర్ డ్రాప్.

సాధన మాత్రం తలకిందులుగా, చివర్నుంచి మొదలవుతుంది. ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి మణికట్టుతో మాత్రమే వెయ్యాలి. బంతి చుట్టూ రంగు టేపు వేస్తారు. గాల్లో ఆ పట్టీ స్థిరంగా ఒక గీతలా కనిపిస్తే స్పిన్ కుదిరినట్టు, ఊగితే తప్పినట్టు. తర్వాత ఒక మోకాలు నేలకానించి చెయ్యి ఊపడం. ఆ తర్వాత నిలబడి పూర్తి చక్రం తిప్పడం. ఆ పైన అడుగు, అదీ కాస్త చిన్నది, బరువు ముందుకాలి మీదికి. ప్లేటుకి ముందు అడ్డంగా తాడు కట్టి, దాని పైనుంచి వచ్చి దిగేట్టు వెయ్యడం ఇంకో మెట్టు. పూర్తి వేగం అన్నిటికన్నా ఆఖర్న. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టులు పాసయ్యాకే ఇంటిగ్రేషన్.

ఈ వరసని దాటెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా. కిందనుంచి విసరడం సహజమేగా, భుజానికేం కాదు, ఎన్ని వేసినా పర్లేదు అన్న నమ్మకం చాలాకాలం నడిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ పిచర్ల మీద చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. వాళ్ళ భుజం మీద పడే లాగుడు బేస్‌బాల్ పిచర్లదానికి దగ్గరగానే ఉందని తేలింది.

2008 బీజింగ్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండ్రోజుల్లో 413 బంతులేసి అమెరికా చేతిలోంచి బంగారం లాక్కుపోయింది. 2021లో టోక్యోలో, 39 ఏళ్ళ వయసులో మళ్ళీ గెలిచింది. అద్భుతమే, కాదనను. కానీ పదేళ్ళ పిల్లకి ఆవిణ్ణి చూపించి రోజూ వందలకొద్దీ బంతులు వేయించడం నాకు మింగుడుపడదు. నాలుగడుగుల దూరంలో మణికట్టు సాధన చేస్తే చేతికి అలవాటూ అవుతుంది, భుజానికి అంత భారమూ ఉండదు.

అమెరికాలో ఉన్న మిత్రులారా, మీ అమ్మాయి సాఫ్ట్‌బాల్‌లో చేరితే కోచ్‌ని స్పీడెంత అని తర్వాత అడగొచ్చు. ఈ వారం ఎన్ని బంతులేసిందో ముందు అడగండి.