పుష్కరాల లెక్క

2025, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. రాజమహేంద్రవరం పుష్కర్ ఘాట్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు.

తడి చీరల అంచుల నుంచి కారే నీళ్లతో మెట్లన్నీ చిత్తడిగా ఉన్నాయి. నేతి వత్తుల వాసన, కర్పూరం పొగ, కాళ్ల కింద నలిగిన బంతిపూల వాసన కలిసిపోయి గాలి బరువుగా ఉంది. గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ఒకావిడ, "దొప్ప, వత్తి, పసుపూ కుంకం అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా" అంటూ అరటిదొప్పను అమ్మ చేతిలో పెడుతోంది.

"జాగ్రత్తరా, పాచి ఉంటుంది" అంటుంది అమ్మ. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ చెయ్యి నా కుడి చేతిలో ఉంది. ఎడమ చేతిలో మా అమ్మాయి చెయ్యి. పిల్ల రెండేసి మెట్లు దిగాలని చూస్తోంది, అమ్మ ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోంది. నలభై ఆరేళ్ల నేను ఇద్దరి నడకకూ సరిపోయేలా దిగుతున్నాను.

మీరూ ఈ కింది మెట్టు దాకా రండి. ఇక్కడ నిలబడి పడమటికి చూడండి. అవతలి గట్టున కొవ్వూరు దీపాలు. వాటి మీదుగా నిండు చందమామ దిగుతున్నాడు. వరద రోజుల ఎరుపు పోయి గోదావరి తేరుకుంది. కింద ధవళేశ్వరం ఆనకట్ట ఆపి ఉంచడం వల్ల నీరు కదులుతోందో లేదో తెలియదు. కానీ వదిలిన దీపాలను చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కటీ దక్షిణానికి జరిగిపోతోంది.

కమానుల వంతెన మీద రైలు వెళుతోంది. కిటికీల్లోంచి ఎవరో నాణేలు విసిరే ఉంటారు. ఆ పక్కనే చప్పుడు లేకుండా ఉన్నది పాత హేవలాక్ వంతెన. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. 1991లో మేం పుష్కరాలకు వచ్చిన రైలు దాని మీదుగానే వచ్చింది. నా చేతిలో పది పైసల బిళ్ల పెట్టి, "వెయ్యి, దణ్ణం పెట్టుకుని వెయ్యి" అన్నది అమ్మే. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

ఇప్పుడు తల పైకెత్తండి. చందమామ వెలుగులోనూ మసకబారకుండా నడినెత్తిన వెలుగుతున్నవాడు గురుడు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి ఆయనకు సుమారు 11.86 సంవత్సరాలు పడుతుంది. అంటే రాశికి దాదాపు ఏడాది. ఆయన సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరం. పంచాంగం ప్రకారం ఇప్పుడు కర్కాటకంలో ఉన్నాడు. దాని పక్కదే సింహం. మధ్యలో వక్రించి వెనక్కి వెళ్లి వచ్చినా, 2027 నడివేసవి దాటేసరికి పుష్కరాలు వచ్చేస్తాయి.

"నాన్నా, పుష్కరాలు ఇంకా ఎన్నాళ్లకి?"

"ఏడాదిన్నర పైనే పడుతుందమ్మా."

"అమ్మో, అంత టైమా!" అంటుంది పిల్ల.

"ఎంత, ఇట్టే వచ్చేస్తాయి" అంటుంది అమ్మ, అదే క్షణంలో.

ఇద్దరూ నిజమే చెప్పారు. పదకొండేళ్ల పిల్లకు ఏడాదిన్నర అంటే బతికిన బతుకులో ఏడో వంతుకు దగ్గర. డెబ్బై నాలుగేళ్ల మనిషికి యాభయ్యో వంతు. వయసు పెరిగేకొద్దీ ఏడాది చిన్నదైపోవడానికి కారణం ఈ నిష్పత్తేనని 19వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త పాల్ జానే ప్రతిపాదించాడు. అమెరికాకు చెందిన విలియం జేమ్స్ 1890లో వెలువరించిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆ మాటను ప్రస్తావించి, ఇంకో కారణం జోడించాడు. చిన్నప్పుడు రోజూ ఏదో ఒక కొత్త సంగతి ఎదురవుతుంది. పెద్దయ్యాక చేసే పనులు అలవాటైపోయి మనసు వాటిని గుర్తుపెట్టుకోదు. గుర్తులేని ఏడాది వెనక్కి తిరిగి చూస్తే చాలా పొట్టిగా కనిపిస్తుంది.

నా మట్టుకు నాకు అది అక్షరాలా నిజం. 1991లో ఇక్కడ గడిపిన రోజు గంటగంటా గుర్తుంది. పులిహోర పొట్లానికి వాడిన బాదం ఆకు వాసనతో సహా. నిరుటి కార్తీకం ఎలా గడిచిందో అడిగితే ఒక్క రోజు కూడా విడిగా చెప్పలేను.

పంతులుగారు పిలుస్తున్నారు. అరచేతిలో నీళ్లు పోయించుకుని నిలబడ్డాం. ఆయన సంకల్పం చెబుతున్నారు. శ్వేతవరాహ కల్పంతో మొదలుపెట్టి, వైవస్వత మన్వంతరం, కలియుగం దాటి, విశ్వావసు నామ సంవత్సరంలోకి వచ్చారు. దక్షిణాయనం, శరదృతువు, కార్తీకమాసం, పౌర్ణమి. ఎక్కడో కోట్ల ఏళ్ల దగ్గర ఎత్తుకున్న లెక్క ఒక్కో మెట్టూ దిగి, మా గోత్రం మీదికి, నా పేరు మీదికి వచ్చి ఆగింది. అంత కాలంలో నా వంతు ఎంతో అర్థమై ఒళ్లు జలదరించింది. ఆ లెక్కలో నాకూ ఒక చోటు ఉన్నందుకు కళ్లు చెమర్చాయి.

ముక్కు మూసుకుని మునిగాను. గాలి కంటే నీరే వెచ్చగా ఉంది. మూడు మునకలు.

1991లో ఇక్కడ నాన్న తాతయ్యకు పిండం పెడుతుంటే పక్కన రాగిచెంబు పట్టుకుని నిలబడ్డాను. నాన్నకు అప్పుడు నలభై నాలుగు. అన్నీ తెలిసిన పెద్దమనిషిలా కనిపించాడు. ఇప్పుడు నా వయసు ఆయన అప్పటి వయసును దాటింది. 2003లో ఆయనా నేనూ పక్కపక్కన మునిగాం. 2015లో ఆయనకు పిండం పెట్టింది నేను. మా అమ్మాయి అప్పుడు చంకలో పిల్ల.

ఆ ఏడు జులై 14న, పుష్కరాల మొదటి ఉదయం, ఈ ఘాట్‌లోనే తొక్కిసలాట జరిగింది. 25 మందికి పైగా చనిపోయారు. వాళ్లందరూ స్నానం చేసి సాయంత్రానికి ఇల్లు చేరాలని బయల్దేరినవాళ్లే. అమ్మ వంగి ఒక మెట్టును తాకి కళ్లకద్దుకుంటోంది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

పుష్కరాలకు తీసుకొస్తానని అంటే ఆవిడే వద్దంది. "ఆ జనంలో నేను నిలబడలేనురా. అయినా అప్పటి సంగతి ఇప్పుడెందుకు, ఈ పున్నమికి తీసుకెళ్లు" అంది. అందుకే వచ్చాం.

అమ్మ దొప్పలో వత్తి వెలిగించింది. పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని నీటి మీద వదిలి, అరచేత్తో నీళ్లను నెట్టింది. దీపం ఒకసారి తిరిగి, మిగతా వాటిలో కలిసింది. "ఏది మనది?" అని వెతుకుతోంది. అమ్మ నవ్వుతోంది. వెనక ఊరి మీద తెల్లగా తెల్లవారుతోంది. ఈ ఉదయాన్ని నేను మర్చిపోను. ఈ ఏడాది నాకు పొట్టిగా మిగలదు.

నడివయసు మనకు ఇచ్చే తెలివి ఇదే అనుకుంటాను. ఏళ్లలో లెక్కపెట్టుకుంటే చాలా ఉన్నట్టుంటుంది. పుష్కరాల్లో లెక్కపెట్టుకుంటే వేళ్లు సరిపోతాయి. నేను పుట్టిన సిద్ధార్థి సంవత్సరం మళ్లీ 2039లో వస్తుంది. షష్టిపూర్తి పీటల మీద కూర్చునే ఆ ఏడాది రాకముందు గోదావరికి రాబోయేది 2027 పుష్కరమొక్కటే. దీన్ని తలచుకుని దిగులుపడే పని లేదు. ఉన్నది తక్కువని తెలిసినప్పుడే ఉన్నదాని విలువ చేతికి అందుతుంది. కాలం వేగం తగ్గించడం మన వల్ల కాదు. రోజుకు గుర్తుండే పని ఒకటి ఇవ్వడం మాత్రం మన చేతిలో ఉంది.

మీరూ మీ వయసును ఒకసారి పుష్కరాల్లో లెక్క వేసుకోండి. గోదావరి కాకపోతే కృష్ణ, తుంగభద్ర, మీ ఊరి నది ఏదైనా సరే. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కడికైనా తీసుకెళ్లమని అడిగి ఉంటే, సెలవులు చూసి చెబుతానని వాయిదా వేయకండి. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, ఈ నెలలోనే వెళ్లి రండి.